రేకాబీయులు ముట్టని గిన్నెలు

సభాధ్యక్షులకు, సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు వందనాలు.

ఈ సాయంకాలం మన ధ్యానానికి ఆధారం యిర్మీయా గ్రంథం 35వ అధ్యాయం, పితరుని మాట విని ద్రాక్షారసం ముట్టని రేకాబీయులనే కుటుంబం కథ. మన సంఘాల్లో దీన్ని సాధారణంగా మద్యపానానికి వ్యతిరేకంగా మాట్లాడవలసి వచ్చినప్పుడే తెరుస్తాం. 1835లో ఇంగ్లండులోని సాల్ఫర్డులో మద్యం మానినవారు పరస్పర సహాయ సంఘం ఒకటి పెట్టుకొని, దానికి రేకాబీయుల పేరే పెట్టి, తమ శాఖలను గుడారాలని పిలుచుకున్నారు. ఆ వాడుకను నేను తప్పుపట్టను. అయితే ఈ అధ్యాయం అడిగే ప్రశ్న అంతకంటె పెద్దది. ఇంటి పెద్ద పెట్టిన కట్టుబాటును తరతరాలుగా పాటించే మనిషి, దేవుని మాట దగ్గరకు వచ్చేసరికి ఏమి చేస్తాడు?

యోషీయా కుమారుడైన యెహోయాకీము క్రీ.పూ. 609 నుండి 598 వరకు యూదాను ఏలాడు. ఆ కాలంలో బబులోను రాజు నెబుకద్రెజరు సేనలు దేశం మీదికి వచ్చినప్పుడు, గుడారాలలో బ్రతికే రేకాబీయులు కల్దీయులకూ (అంటే బబులోనువారికీ) సిరియనులకూ భయపడి యెరూషలేములో తలదాచుకున్నారు. అప్పుడు దేవుడు యిర్మీయాకు ఒక వింత పని అప్పగించాడు. ప్రవక్త వెళ్లి రేకాబీయుడైన యజన్యాను, అతని సహోదరులను, ఆ కుటుంబికులందరిని మందిరంలోనికి తీసుకొని రావాలి. గది ఎక్కడిదో కూడా గ్రంథం శ్రద్ధగా చెబుతుంది: దైవజనుడైన హానాను కుమారులది, అధికారుల గదికి ప్రక్కన, ద్వారపాలకుడైన మయశేయా గదికి పైన ఉన్నది. అక్కడ ద్రాక్షారసం నిండిన పాత్రలూ గిన్నెలూ వాళ్ల ముందు పెట్టి, త్రాగండి అని యిర్మీయా చెప్పాడు. ఆ స్థితిని ఒక్కసారి ఊహించుకోండి. వాళ్లు ఊరుగాని ఊరిలో ఆశ్రయం కోసం వచ్చినవారు, చోటు దేవుని మందిరం, ఇస్తున్నవాడు ప్రవక్త. మొహమాటానికైనా ఒక గుక్క త్రాగడానికి ఇంతకంటె గట్టి సాకు ఎవరికి దొరుకుతుంది?

వాళ్లు త్రాగలేదు. వాళ్ల జవాబులో కోపం లేదు, ఎదుటివాడిని తప్పుపట్టడమూ లేదు. మా పితరుడు, రేకాబు కుమారుడైన యెహోనాదాబు మాకు ఇలా ఆజ్ఞాపించాడన్నారు. ద్రాక్షారసం త్రాగకూడదు, ఇల్లు కట్టకూడదు, విత్తనం విత్తకూడదు, ద్రాక్షతోట నాటకూడదు, గుడారాలలోనే నివసించాలి. ఆజ్ఞ ఇచ్చినవాని పేరు వాళ్లకు తెలుసు, ఆజ్ఞ తెలుసు, దానికి కారణమూ తెలుసు: పరవాసులుగా ఉన్న దేశంలో దీర్ఘకాలం బ్రతకడం. మారిన పరిస్థితిని దాచిపెట్టనూ లేదు. సైన్యాలకు భయపడి యెరూషలేములో కాపురమున్నామని తామే ఒప్పుకున్నారు. గుడారం విషయంలో యుద్ధం వాళ్లను కదిలించింది, ద్రాక్షారసం విషయంలో మాత్రం ఎవరూ కదిలించలేకపోయారు. ఈ తేడాను వాళ్లు ఎంత నిదానంగా చెప్పారో చూడండి.

ఈ యెహోనాదాబు మనకు రాజుల రెండవ గ్రంథం 10వ అధ్యాయంలో కనబడతాడు. ఇశ్రాయేలు రాజైన అహాబు వంశాన్ని నిర్మూలించడానికి వెళుతున్న యెహూ ఇతనికి చేయి అందించి తన రథం మీద ఎక్కించుకున్నాడు. బయలు అనే అన్యదేవత ఆరాధనను తుడిచిపెట్టిన ఆ రోజుల నుండి యెహోయాకీము కాలానికి సుమారు 240 సంవత్సరాలు. దినవృత్తాంతముల మొదటి గ్రంథం 2వ అధ్యాయం రేకాబు ఇంటివారిని కేనీయులతో కలిపి లెక్కిస్తుంది. మోషే మామగారి వంశస్థులు ఆ కేనీయులే. అంటే పుట్టుకను బట్టి ఇశ్రాయేలీయులు కాని ఒక చిన్న గుంపు, ఒక మనిషి మాటను ఇన్ని తరాల పాటు నిలబెట్టుకుంది.

ఇక్కడ మనం జాగ్రత్తగా చదవాలి. యెహోనాదాబు నియమాన్ని దేవుడు అందరికీ ధర్మశాస్త్రంగా చేయలేదు. ఇదే గ్రంథం 29వ అధ్యాయంలో బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరం ఉంది. ఇండ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలములు తినండి అని దేవుడు అందులో చెప్పించాడు. పరదేశంలో బ్రతకడానికి యెహోనాదాబు చెప్పిన మార్గం ఒకటి, దేవుడు ఆ చెరవారికి చెప్పిన మార్గం మరొకటి. కాబట్టి 35వ అధ్యాయంలో దేవుడు మెచ్చుకున్నది వాళ్ల భోజన నియమాన్ని కాదు, వినే చెవిని. ఎప్పుడో చనిపోయిన మనిషి ఒక్కసారి చెప్పిన మాట ఇంకా నిలబడి ఉంది. సజీవుడైన దేవుడు పెందలకడ లేచి ప్రవక్తలను పంపుతూ మాటలాడుతున్నా యూదావారు వినలేదు. దేవుని ఫిర్యాదు అంతా ఇదే.

ఆ వినని చెవి ఎవరిదో తరువాతి అధ్యాయం చూపిస్తుంది. శీతకాలపు రాజభవనంలో యెహోయాకీము కూర్చున్నాడు, ఎదుట కుంపటి మండుతోంది. యెహూదీ అనే సేవకుడు, యిర్మీయా చెప్పిన దేవుని మాటలు వ్రాసిన గ్రంథపు చుట్టలోనుండి మూడు నాలుగు పుటలు చదవగానే రాజు వాటిని చాకుతో కోసి నిప్పులో వేశాడు. చుట్ట అంతా కాలిపోయేదాకా అలాగే చేశాడు. ఇతని తండ్రి యోషీయా, మందిరంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథం చదవగా విని, బట్టలు చింపుకున్నాడు. కొడుకూ అతని సేవకులూ బట్టలు చింపుకోలేదని గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. నీ తండ్రి అన్నపానములు కలిగినవాడైనా నీతిన్యాయములు జరిగించలేదా అని 22వ అధ్యాయంలో ప్రవక్త అడిగింది కూడా ఈ రాజునే. దేవునికి లోబడడమే ఇంటి ఆచారంగా అందిన మనిషి, ఆ ఆచారాన్ని కుంపటిలో వేశాడు.

ఇంతవరకే ఆగితే, పితరుల పద్ధతి అన్నదల్లా మంచిదేనన్న భ్రమ కలుగుతుంది. యిర్మీయా ఆ అవకాశం ఇవ్వడు. యెరూషలేము కూలిన తరువాత ఐగుప్తుకు పారిపోయిన ప్రజలు 44వ అధ్యాయంలో అతని ముఖం మీదే ఒక మాట అన్నారు: మేమూ మా పితరులూ మా రాజులూ మా అధిపతులూ చేసినట్టే ఆకాశరాణి అనే అన్యదేవతకు ధూపం వేస్తాం, నీ మాట వినం. మా పెద్దలు ఇలా చేశారు అనే వాదన రేకాబీయుల నోట విన్న చెవులతోనే ప్రవక్త దీన్నీ విన్నాడు. మొదటివారు దేవుని ఆజ్ఞ దేనినీ మీరకుండా తండ్రి మాట నిలబెట్టారు. రెండవవారు తండ్రుల పేరు అడ్డం పెట్టుకొని దేవుని మాటను త్రోసివేశారు. గిద్యోను తన తండ్రి కట్టిన బయలు బలిపీఠాన్ని రాత్రివేళ పడగొట్టవలసి రావడం, కొర్బాను (దేవార్పితం) పేరు చెప్పి తలిదండ్రులను పోషించడం మానినవారిని యేసు గద్దించడం ఈ రెండవ జాబితాలోకే వస్తాయి.

మన తెలుగు సంఘాలకు ఇది దూరపు సంగతి కాదు. 1878లో ఒంగోలు ప్రాంతంలో వేల సంఖ్యలో బాప్తిస్మం పొందినవారిలో అనేకులు, రేకాబీయులకు విరుద్ధంగా, తమ పితరులు పాటించిన ఆరాధనను వదిలి వచ్చినవారే. వారి మునిమనుమలకు ఇప్పుడు క్రైస్తవ్యమే ఇంటి ఆచారం. కుటుంబ ప్రార్థన, పండుగకు కొత్త బట్టలు, కల్లు ముట్టకపోవడం, పెళ్లి సంబంధాల పట్టింపులు, అన్నీ ఒకే మూటలో వారికి అందాయి. ఆ మూటను పిల్లలు విప్పి, ఇది ఎందుకు అని అడిగితే చాలామంది పెద్దలు చిన్నబుచ్చుకుంటారు. రేకాబీయులు చిన్నబుచ్చుకోలేదు, ఆజ్ఞనూ, ఇచ్చినవానినీ, కారణాన్నీ వరుసగా చెప్పారు. కారణం చెప్పలేని నియమాలు మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని యోషీయా వైపువో, ఎన్ని ఆకాశరాణి వైపువో, యిర్మీయా 35, 36, 44 అధ్యాయాలను ఇంటిల్లిపాదీ కలిసి చదివి తేల్చుకోవచ్చు. ఆ పని పిల్లల ఎదుటే జరగాలని నా కోరిక.