పెరట్లో పుంజులు ఎక్కువయ్యాయా? రెండో నెలలోనే తేల్చుకోండి

[దృశ్యం: గుంటూరు శివారులో ఒక పెరడు. జామచెట్టు కింద తల్లికోడి, వెంట పది పిల్లలు.]

12 గుడ్లు పొదిగించారు. 21 రోజులకు 10 పిల్లలయ్యాయి. ఇంట్లో అందరికీ సంబరమే. అయితే ఆ పదింటిలో అటూఇటుగా సగం పుంజులే ఉంటాయి. మొన తేలిన గుడ్డు పుంజు అవుతుంది, గుండ్రటి గుడ్డు పెట్ట అవుతుంది అని ఏరి పెట్టినా ఈ లెక్క మారదు. పిల్ల పుంజో పెట్టో తేల్చేది తల్లికోడి ఇచ్చే క్రోమోజోము. పెంకు ఆకారానికి దానితో సంబంధమే లేదు.

పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. అప్పుడైనా 8 నుంచి 10 పెట్టలకు ఒక్కటి చాలు. మరి మిగతా నాలుగు పుంజుల సంగతి? అవి కూత మొదలుపెట్టి, పక్కింటివాళ్లు గుమ్మంలోకి వచ్చాక ఆలోచిస్తే మిగిలే దారులు తక్కువ. అందుకే రెండో నెలలోనే తేల్చుకోమంటున్నాం.

[దృశ్యం: రెండు నెలల పిల్లలు రెండు, పక్కపక్కన, దగ్గరగా.]

ముందు గుర్తుపట్టడం. 6–8 వారాలకు పుంజుపిల్ల తురాయి ఎర్రబడి పెద్దదవుతుంది. పెట్టపిల్లది చిన్నగా, లేత రంగులో ఉంటుంది. మన నాటుకోళ్లలో చాలావాటికి అసీల్ అనే పందెం కోళ్ల జాతి రక్తం ఉంది. అసీల్ తురాయి పుట్టుకతోనే చిన్నది కాబట్టి ఒక్క తురాయిని చూసి తేల్చేస్తే పొరపాటు పడతారు. అలాంటివాటికి 12వ వారం దాకా ఆగండి. మెడ మీదా, తోక మొదట్లోనూ వచ్చే కొత్త ఈకలు చూడండి. సన్నగా, కోసుగా, మెరుస్తూ వస్తే పుంజు. చివర గుండ్రంగా ఉంటే పెట్ట. పుంజుకి కాళ్లు కూడా లావుగా ఉంటాయి.

[తెరపై: 4 పుంజులు × 100 గ్రాములు × 30 రోజులు = 12 కిలోలు]

ఎదిగిన పుంజు రోజుకు 100 గ్రాములకు పైనే మేత తింటుంది. నాలుగుంటే నెలకు 12 కిలోలు. బయట తిరిగి ఏరుకు తినేదాన్ని ఈ లెక్కలోంచి కొంత తీసేసుకోండి. విజయవాడలో కాంపౌండు గోడ మధ్య పెరిగే కోడికి ఏరుకోవడానికి ఏముంటుంది?

మేతలో చాలామంది చేసే తప్పు ఇంకొకటుంది. పెట్టలకు కొన్న లేయర్ దాణానే పుంజులకూ వేస్తారు. గుడ్డు పెంకు కోసం ఆ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. పుంజుకి ఒక శాతం చాలు. మిగిలినది నెలల తరబడి మూత్రపిండాల మీద పడుతుంది. అందరికీ గ్రోయర్ దాణా, అంటే ఎదిగే కోళ్ల మేత వేసి, ఆల్చిప్పల పొడి వేరే చిప్పలో పెట్టండి. కావలసిన పెట్టలు అవే వెళ్లి తింటాయి.

[దృశ్యం: తెల్లవారక ముందు, బ్రాడీపేటలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. కూత వినిపిస్తుంది.]

ఇక కూత. నాలుగైదు నెలలకు మొదలవుతుంది. దగ్గర నుంచి కొలిస్తే 90 డెసిబెల్స్ దాటుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45. పక్కింటివాళ్లు విసుక్కుంటే తప్పు వాళ్లది కాదు.

వెలుగు చూసి కూస్తుంది, చీకట్లో పెడితే ఊరుకుంటుంది అనుకుంటారు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో పుంజుల్ని మసక వెలుతురులోనే ఉంచి చూశారు. అయినా అవి వేళకే కూశాయి. గడియారం దాని ఒంట్లోనే ఉంది. మందలో పెద్ద పుంజు ముందు కూస్తుంది, మిగతావి వరస ప్రకారం అందుకుంటాయని కూడా తర్వాత తేల్చారు. పెద్దదాన్ని పంపేస్తే, ఇన్నాళ్లూ నోరు మెదపని రెండోది ఆ చోటు తీసుకుంటుంది. ఒకటి తగ్గిందని ఊపిరి పీల్చుకోకండి.

తల పైకెత్తకుండా పొట్టి కప్పు ఉన్న పెట్టెలో రాత్రి ఉంచితే కూత కొంత తగ్గుతుంది, అంతే. మెడ పూర్తిగా చాచితేనే గొంతు పలుకుతుంది కాబట్టి. కానీ మన ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట కూడా వేడి దిగదు. గాలి ఆడని పెట్టెలో కోడి నోరు తెరిచి ఎగపోస్తూ చచ్చిపోతుంది. మూడు వైపులా జాలీ లేకపోతే ఎండాకాలంలో ఈ ఉపాయం వద్దు. మెడకు బిగించే పట్టీలు ఏ కాలంలోనూ వద్దు. మేత గొంతులో ఇరుక్కుంటుంది, ఊపిరాడదు. వృషణాలు తీయించడం గురించీ అడుగుతుంటారు. కోడికి అవి కడుపులో, వెన్నుకి ఆనుకుని ఉంటాయి. పక్కటెముకల మధ్య కోసి తీయాలి. మత్తు లేకుండా ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోకండి.

[దృశ్యం: పెట్టల మధ్య పుంజు. మేత కనిపించగానే కొక్కొక్కు అంటూ పెట్టల్ని పిలుస్తుంది.]

ఒకదాన్ని ఉంచుకోవాలనుకుంటే ఇలా పిలిచి పెట్టేదాన్ని ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లల కాళ్ల మీదకు ఎగబడేదాన్ని ఎంత అందంగా ఉన్నా ఉంచకండి. ఆ గుణం దాని పిల్లలకూ వస్తుంది. మూడు నాలుగు పెట్టలే ఉంటే పుంజుని వేరే గూట్లో పెట్టండి. లేకపోతే ఎక్కిన పెట్టనే ఎక్కి, వీపు మీద ఈకలు రాలి పుండ్లు పడతాయి. వారానికి రెండుసార్లు కొన్ని గంటలు కలిపితే చాలు, ఒకసారి కలిసిన పెట్ట రెండు వారాల దాకా పిల్లలయ్యే గుడ్లు పెడుతుంది. ఇక ఈ పెరట్లో పుట్టిన పుంజుని ఇదే పెరట్లోని తల్లికీ చెల్లెళ్లకీ కట్టకండి. నున్నలోనో పెదకాకానిలోనో తెలిసినవాళ్ల పుంజుతో మార్చుకోండి. వచ్చిన పుంజుని మూడు వారాలు దూరంగా ఉంచాకే మందలో కలపండి. కొక్కెర తెగులు ఇలాంటి కొత్త కోడితోనే పెరట్లోకి దిగుతుంది.

[దృశ్యం: వారం సంత. బుట్టలో పుంజులు.]

అమ్మడానికి కాలం చూసుకోవాలి. కార్తీకమాసంలో నాటుకోడి అడిగేవాళ్లు తగ్గుతారు. కనుమకు ఎంత ఉన్నా చాలదు. ఆగస్టు చివర్లో అయిన పిల్లలు జనవరి మధ్యకు నాలుగున్నర నెలలవి అవుతాయి, కూరకు అదే సరైన వయసు.

అయితే సరిగ్గా అప్పుడే ఇంకో రకం కొనుగోలుదారులు కూడా తిరుగుతారు. కూరకు కొనేవాళ్లు చేతిలో ఎత్తి బరువు చూస్తారు. పందేనికి కొనేవాళ్లు కాళ్లు, మెడ, కన్ను చూస్తారు. డేగా, కాకా, నెమలా అని రంగు అడుగుతారు. రేటు రెట్టింపు చెప్పినా ఇవ్వకండి. కాలికి కత్తి కట్టి బరిలోకి తోయడానికి మీ చేత్తో మేపిన పుంజుని అప్పగించినట్టే. కోడిపందెం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. కాళ్లు కట్టి బండికి తలకిందులుగా వేలాడదీసి తీసుకెళ్లడమూ ఆ చట్టం కిందకే వస్తుంది. గాలి ఆడే బుట్టలోనో అట్టపెట్టెలోనో పంపండి.

రాత్రిపూట కాలవగట్టు మీద వదిలేసి రావడం అన్నిటికన్నా అన్యాయం. అది స్వేచ్ఛ అనుకోకండి. మేపిన కోడికి కుక్క నుంచి తప్పించుకోవడం తెలియదు.

[దృశ్యం: శుభ్రమైన బల్ల, పదునైన కత్తి, నీళ్ల గిన్నె. కోసే దృశ్యం చూపించం.]

ఇంట్లో వండుకోవడం న్యాయమైన దారే. సరిగ్గా చేయాలి, అంతే. ఎన్నడూ కోయనివాళ్లు తెలిసిన చికెన్ కొట్టుకు తీసుకెళ్లండి. ఇంటి దగ్గరే అయితే 8–10 గంటల ముందు మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టండి. మేత సంచి నిండుగా ఉంటే చీల్చేటప్పుడు మాంసమంతా పాడవుతుంది. 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా అడుగు కోసి, మూతి తల పట్టేంత వెడల్పు చేసి, తలకిందులుగా గోడకు బిగించండి. అందులో పుంజు కొట్టుకోదు, రెక్కలు విరగవు. దవడ కింద రెండు వైపులా రక్తనాళాలు ఒక్క గాటుతో తెగాలి. మొద్దు కత్తితో రెండోసారి కోయాల్సి వచ్చిందంటే దాన్ని హింసపెట్టినట్టే. రెండు నిమిషాలు రక్తం కారనివ్వండి.

ఈకలు పీకడానికి నీళ్లు 63–65 డిగ్రీలుండాలి, ముంచేది ముప్పావు నిమిషం నుంచి నిమిషం. థర్మామీటర్ లేకపోతే మరిగే నీళ్లూ పంపు నీళ్లూ సమానంగా కలపండి, సరిపోతుంది. మే నెలలో మాత్రం ట్యాంకు నీళ్లే కాగి ఉంటాయి, చన్నీళ్లు ఇంకాస్త పోయాలి. వేడెక్కువైతే తోలు ఊడి వస్తుంది. ఆ తర్వాత పసుపు రాసి మంట మీద కాల్చుకోండి. లోపలిది తీసేటప్పుడు కార్జానికి అంటుకున్న పచ్చటి చేదు సంచి పగలనివ్వకండి.

నాటుకోడి ముక్క ఉడకలేదనే మాటకు చాలాసార్లు కారణం వయసు కాదు, వేళ. కోసిన గంట తర్వాత కండ బిగుసుకుంటుంది. ఆ బిగువులో వండితే ఎన్ని విజిల్స్ వచ్చినా రబ్బరే. గంటలోపే పొయ్యి మీద పెట్టండి, లేదా ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచండి. ఐదు నెలల పుంజుకి ఐదారు విజిల్స్, ఏడాది దాటినదానికి ఎనిమిది పది.

మెడ వంకర తిరిగిన, ఆకుపచ్చగా పారుకుంటున్న, ముడుచుకు కూర్చున్న కోడిని కోయకండి, అమ్మకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. దగ్గరలోని పశువుల ఆసుపత్రికి చెప్పండి. విజయవాడ వైపువాళ్లకు గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది.

[దృశ్యం: గంప కింద పొదుగు మీదున్న పెట్ట.]

పుంజుని పంపేసినా రెండు మూడు వారాల దాకా గుడ్లకు పిల్లలు అవుతాయి. ఈ వేసవికి ఇక పిల్లలు వద్దనుకుంటే గుడ్లు ఏ రోజుకారోజు తీసేయండి. పొదుగుకు కూర్చున్న పెట్టను నీళ్లలో ముంచే అలవాటు మానుకోండి. అడుగున జాలీ ఉన్న గూట్లో, నేలకు ఎత్తుగా, గడ్డి లేకుండా మూడు నాలుగు రోజులు ఉంచండి. మేత, నీళ్లు మామూలుగా పెట్టండి. పొట్టకు గాలి తగిలి ఆ వేడి దిగితే పొదుగు మానేస్తుంది.