పాత ఆరు సిలిండర్ల బండి, ఎండకాలం తిప్పలు: ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ వారం పాత ఆరు సిలిండర్ల కార్లు, డిక్కీ పొడుగ్గా ఉండే ఎస్టేట్ బండ్ల గురించి మాట్లాడుకుందాం. మన మెకానిక్ ఉస్తాద్ గారు స్టూడియోలోనే ఉన్నారు. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్ (హనుమకొండ): హలో... హలో, ఇనవడ్తాందా?

యాంకర్: వినిపిస్తోందండీ. మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి.

కాలర్: ఆఁ, తగ్గించిన. నమస్తే ఉస్తాద్. మాది నయీంనగర్. మా బావ లండన్‌ల ఉండె, అక్కడికెళ్లి వచ్చేటప్పుడు బెంజ్ తెచ్చిండు, వెనక పొడుగుది. 94 మోడల్. ఇప్పుడు ఆయనకు మోకాళ్ల నొప్పులు, తోలుడు బందు జేసి నాకిచ్చిండు. మా అక్కకేమో అది అమ్ముడు ఇష్టం లేదు, మా పిల్లలేమో...

ఉస్తాద్: అన్నా, బెంజ్ ఈ-320 ఎస్టేట్ గదా, కంపెనీ లెక్కల 124 బాడీ అంటరు. తిప్పలేందో చెప్పుండ్రి.

కాలర్: అదే చెప్తాన. కాజీపేట బ్రిడ్జి కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కుంటే, ఏసీ నడుస్తాంటే, టెంపరేచర్ ముల్లు 110 దాక పోతాంది. హైదరాబాద్ రోడ్డెక్కినంక మళ్ల 90కి దిగుతాంది. మా మెకానిక్ థర్మోస్టాట్ తీసి పారేద్దామంటాండు. తీసేయాల్నా?

ఉస్తాద్: తీయొద్దు. ఈ ముచ్చట నేను వారం వారం చెప్తనే ఉన్న. ఆ ఇంజన్ థర్మోస్టాట్ 87 డిగ్రీల కాడ తెరుసుకుంటది. తెరుసుకున్నప్పుడు రేడియేటర్ దిక్కు దారి ఇస్తది, అదే టైంల బైపాస్ దారి మూస్తది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటది. కొన్ని నీళ్లు రేడియేటర్ మొహం చూడకుంటనే ఇంజన్ల తిరుగుతయి. చలికాలం పొద్దుగాల ఇంజన్ వేడెక్కది, పెట్రోల్ తాగుతది. ఎండకాలం లోడు మీద ఇంకింత కాగుతది. మన దగ్గర మే నెలల 45 డిగ్రీలు కొడ్తది, అప్పుడు తెలుస్తది దాని సంగతి.

కాలర్: అయితే మరి ఎందుకు వేడెక్కుతాంది?

ఉస్తాద్: మీరే చెప్పిండ్రు గదా, నిలవడితే ఎక్కుతది, ఉరికితే దిగుతది. అంటే గాలి తక్కువైతాంది. నడిచేటప్పుడు రోడ్డు గాలి సరిపోతాంది, ఆగినప్పుడు ఫ్యాను ఇయ్యాల్సిన గాలి ఇస్తలేదు. ఉల్టా ఉంటే, రోడ్డు మీద 100లో పోయేటప్పుడు ఎక్కితే, రేడియేటర్ లోపల జామైందనో, సిలిండర్ల మీద మూత లెక్క ఉండే హెడ్ కింది గాస్కెట్ పోయిందనో అనుకోవాలె. మీది అది కాదు. మూడు చూడుండ్రి. ఒకటి, ఇంజన్ ముందర విస్కస్ ఫ్యాను, అంటే లోపల సిలికాన్ ఆయిల్ ఉన్న క్లచ్ తోటి తిరిగేది. బండి మంచిగ వేడెక్కినంక ఇంజన్ ఆపి, ఫ్యాను రెక్క చేత్తోటి తిప్పాలె. బరువుగ, పట్టుకున్నట్టు తిరగాలె. ఒక్క తోపుకు రెండు మూడు చుట్లు తిరిగిందంటే దాంట్లె సిలికాన్ ఆయిల్ కారిపోయింది, ఆ క్లచ్ మార్చుడే. ఆ క్లచ్‌కు బోల్టు గొట్టి ఫ్యాను ఎప్పుడూ తిరిగేటట్టు డైరెక్ట్ చేయొద్దు, రెక్కలు ఇరిగితే బోనెట్ చీరుకపోతది.

కాలర్: మా మెకానిక్ అదే డైరెక్ట్ చేస్తనన్నడు.

ఉస్తాద్: (నవ్వు) అంటడు. రెండోది, గ్రిల్ వెనక కరెంటు ఫ్యాన్లు. ఏసీ గ్యాస్ ప్రెషర్ పెరిగితే అవి మెల్లగ తిరగాలె, ఇంజన్ 107 డిగ్రీలు దాటితే జోరుగ తిరగాలె. ఆ మెల్ల స్పీడుకు ఒక రెసిస్టర్ ఉంటది, అది కాలిపోతది. అప్పుడు జోరు స్పీడు పని చేస్తది గని మెల్ల స్పీడు ఉండదు. ఏసీ వేసి పది నిమిషాలు నిలవెట్టి, ముందర నిలవడి చూడుండ్రి. తిరగకపోతే ఫ్యూజు, రెసిస్టర్, ఫ్యాను మోటర్, ఈ వరుసల చూడాలె.

కాలర్: మూడోది?

ఉస్తాద్: మూడోది మన వరంగల్ రోగం. మీరు ఏనుమాముల మార్కెట్ దిక్కు తిరుగుతరా?

కాలర్: తిరుగుతా, మాకు పత్తి యాపారం ఉన్నది గద.

ఉస్తాద్: అదే. ముందర ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్. రెంటి మధ్యల దూది, దుమ్ము దుప్పటి లెక్క పడ్తది, బయటికెళ్లి చూస్తే కానరాదు. రేడియేటర్ పైన క్లిప్పులు తీసి ఇంజన్ దిక్కు జర వంచి, టార్చ్ కొట్టి చూస్తే తెలుస్తది. ఇంజన్ దిక్కు నుంచి బయటికి గాలి కొట్టాలె, ప్రెషర్ తక్కువ పెట్టి. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గర పెట్టి కొడితే రేడియేటర్ సన్న రెక్కలు మడతపడి ఉన్న గాలి గూడ పోదు.

కాలర్: సరే సార్. మొన్న ఒకసారి ఎర్రగీత దాక పోయింది. ఎట్లనో ఇంటి దాక తెచ్చిన...

ఉస్తాద్: అట్ల తెచ్చుడే తప్పు అన్నా! ఆరు సిలిండర్లు ఒకటే వరుస, పైన హెడ్ అల్యూమినియం, పొడుగు. నాలుగు సిలిండర్ల హెడ్ తట్టుకున్నంత వేడి ఇది తట్టుకోదు, వంగుతది. ముల్లు 110 దాటితే ఏసీ బంద్ చేసి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి బ్లోయర్ జోరు చేయాలె. హీటర్ గూడ చిన్న రేడియేటరే. దిగకపోతే పక్కకు ఆపి ఇంజన్ బంద్. ఎర్రగీత మీద ఒక్క కిలోమీటర్ గూడ వద్దు. మూత తీయొద్దు, చల్ల నీళ్లు పోయొద్దు, గంట సేపు ఆగాలె.

కాలర్: అయితే హెడ్ పోయినట్టేనా?

ఉస్తాద్: ఇప్పుడే అట్ల అనలేం. పొద్దుగాల స్టార్ట్ చేయకముందు రేడియేటర్ పైన పెద్ద పైపు పిసికి చూడుండ్రి. రాత్రంత చల్లగైనంక గూడ గట్టిగ ఉంటే సిలిండర్ల గ్యాస్ నీళ్లలకు పోతాంది. ఆయిల్ మూత కింద చూడుండ్రి, తెల్లగ చిక్కగ ఏమన్న ఉన్నదా. కూలెంట్ లీకు కానరాకుంటనే తగ్గుతాందా. ఏదీ లేదంటే మీరు బతికిపోయిండ్రు.

కాలర్: కింద ఆయిల్ చుక్కలు పడ్తయి మరి, వెనక దిక్కు.

ఉస్తాద్: ఆ ఇంజన్‌కు రెండు లీకులు పుట్టుకతోటే ఉంటయి. ఒకటి ముందర టైమింగ్ కవర్ పైన సీల్, రెండోది హెడ్ గాస్కెట్ వెనక మూల. బయటికి ఆయిల్ కారుడొక్కటే ఐతే తొందర లేదు, వారానికోసారి గేజ్ చూసి నింపుకోండ్రి. అది ఏడు లీటర్లకు పైనే పట్టే ఇంజన్. ఎప్పుడన్న హెడ్ దింపితే లేత్ షాపుల దాని అడుగు సాపు చేసే ఫేసింగ్ చేయించి, బోల్టులు కొత్తవి వేయాలె. అవి సాగే బోల్టులు. ముందు టార్క్ రెంచ్ తోటి లెక్క ప్రకారం బిగించి, తర్వాత 90 డిగ్రీలు, అంటే పావు చుట్టు తిప్పి, మళ్ల ఇంకో పావు చుట్టు. పాత బోల్టులకు పైపు తొడిగి బలంగ బిగించేటోని దగ్గరికి మాత్రం పోవద్దు.

యాంకర్: సార్, లైన్లో చాలామంది ఉన్నారు...

కాలర్: ఒక్క నిమిషం అమ్మా, ఇంకోటి. రేడియేటర్‌ల మా ఇంటి బోరు నీళ్లే పోస్తాన. మంచిగనే ఉంటయి, తాగుతం గూడ.

ఉస్తాద్: మీరు తాగుండ్రి, బండికి పోయకుండ్రి. ఆ ఉప్పు లోపల రాయి లెక్క గడ్తది. రేడియేటర్ కింద ప్లగ్ తీసి, ఇంజన్ బ్లాక్ మీది డ్రెయిన్ బోల్టు గూడ తీసి మొత్తం ఖాళీ చేయాలె. బ్లాక్ ప్లగ్ తీయకపోతే పాత నీళ్లు లోపల్నే ఉంటయి. హీటర్ వేడి మీద పెట్టి ఉంచాలె. అర కిలో నిమ్మ ఉప్పు వేడి నీళ్లల కరిగించి పోసి, ఇంజన్ 80 దాటినంక పావు గంట నడిపి, చల్లారినంక వదిలేయాలె. రాత్రంత ఉంచొద్దు, అల్యూమినియం తింటది. తర్వాత మంచి నీళ్లతోటి మూడు సార్లు కడిగి, సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. మొత్తం తొమ్మిది లీటర్ల దాక పడ్తది. బ్యాటరీ నీళ్లు అని దుకాణంల అడుగుండ్రి, యాసిడ్ తెచ్చుకునేరు.

కాలర్: సరే. ఇంకోటి, వెనక బండి ఎగిరెగిరి పడ్తాంది. పోయినసారి మేడారం పోయినప్పుడు అందరం ఎక్కినం, వెనక ఆ చిన్న సీటు గూడ తీసి పిల్లల్ని కూసోవెట్టినం. నడుములు పోయినయి. షాకప్‌లు మార్చమంటాండు.

ఉస్తాద్: దాని వెనక ఉండేటియి మామూలు షాకప్‌లు కావు. ఇంజన్ ముందరి నుంచి పంపు ఆయిల్ పంపుతది, బరువు ఎక్కితే వెనక్కి లేపి లెవెల్ చేస్తది. అక్కడ రెండు గుండ్లుంటయి, లోపల నైట్రోజన్ గ్యాస్. గ్యాస్ పోతే బండి ఎత్తు మంచిగనే ఉంటది గని స్ప్రింగు తనం ఉండదు, రాయి మీద కూసున్నట్టైతది. మార్చాల్సింది ఆ గుండ్లు, రెండూ ఒకేసారి. షాకప్ జాగల ఉండే స్ట్రట్ రబ్బర్ కింద ఆయిల్ ఊరితేనే ఆ స్ట్రట్ మార్చాలె. మామూలు షాకప్‌లు వేసేరు, ఆ స్ప్రింగులు మెత్తగుంటయి, కొంత బరువు ఆ ఆయిలే మోస్తది. బండి వెనక కూలబడ్తది. ఇంకోటి, ఆ పంపు ఆయిల్ డబ్బల బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్ పోయొద్దు. దానికి వేరే హైడ్రాలిక్ ఆయిల్ ఉంటది, తప్పుది పోస్తే సీల్సు ఉబ్బుతయి.

కాలర్: పార్టులు దొరుకుతయా?

ఉస్తాద్: పుణెల 1995 నుంచి చేసిన 124 సెడాన్ ఉన్నది గదా, ఈ-220, ఈ-250 డీజిల్. ముందర దిక్కు బోనెట్, లైట్లు, ఆర్మ్ బుష్‌లు అవి వాడొచ్చు. ఇంజన్ వేరే, దాని సామాను మీ ఛాసిస్ నంబర్ చెప్పి తెప్పించాలె. హైదరాబాద్ రాణిగంజ్, లేకపోతే ఢిల్లీ కశ్మీరీ గేట్. వెనక అద్దం, డిక్కీ డోర్ షాకప్‌లు, ఆ గుండ్లు మాత్రం ఎస్టేట్‌వే కావాలె.

యాంకర్: థాంక్యూ అండీ, ఇక...

కాలర్: ఆఖరి మాట అమ్మా. ఉస్తాద్, అయితే థర్మోస్టాట్ తీసేద్దునా?

ఉస్తాద్: (గట్టిగా) తీయొద్దు అన్నా, తీయొద్దు! పాతదైతే కొత్తది వేయుండ్రి. ఇంకొక్క మాట, అడగకపోయినా చెప్తాన. 92 నుంచి 95 దాక వచ్చిన ఆ ఇంజన్ల వైరింగ్ ఇన్సులేషన్ వేడికి పెచ్చులూడుతది. కాయిల్ కాడ రబ్బర్ తొడుగు జర జరిపి చూడుండ్రి. లోపలి వైరు పెచ్చులు రాలి రాగి కనవడితే, మిస్సింగ్, ఉన్నట్టుండి బంద్ అయ్యుడు అన్నీ మొదలైతయి. టేపు చుట్టుడు దండగ. హార్నెస్, అంటే ఆ వైర్ల కట్ట, మొత్తం టెఫ్లాన్ వైరుతోటి కట్టించాలె. అది చూసినంకనే మిగతా పనులకు చెయ్యి పెట్టించుండ్రి, కనెక్టర్లు పీకుతాంటేనే అవి తెగుతయి.

యాంకర్: థాంక్యూ. తర్వాతి కాలర్, మంచిర్యాల.

కాలర్ (మంచిర్యాల): నమస్తే సార్. స్కోడా సూపర్బ్, 2.8 వీ6, 2006ది. 82 వేల కిలోమీటర్లే నడిచింది. టైమింగ్ బెల్ట్ లక్ష దాక ఆగొచ్చా?

ఉస్తాద్: బెల్టు ఎన్నడన్న మార్చిండ్రా?

కాలర్: లేదు సార్, కంపెనీదే.

ఉస్తాద్: అయితే ఇయ్యాళ్టి నుంచే నడపొద్దు తమ్మీ. రబ్బర్‌కు కిలోమీటర్లే కాదు, ఏండ్లు గూడ లెక్క. తెగితే వాల్వులు పిస్టన్ల మీద పడ్తయి, హెడ్లు రెండున్నయి దానికి. బెల్టు, టెన్షనర్, రోలర్లు, వాటర్ పంపు, థర్మోస్టాట్ అన్నీ ఒకేసారి. ఆ ఇంజన్‌ల థర్మోస్టాట్ బెల్టు వెనకనే ఉంటది, తర్వాత వేరుగ మార్చాలంటే మళ్ల మొత్తం విప్పాలె. క్యామ్‌లు లాక్ చేసే పట్టీ ఉన్న మెకానిక్ దగ్గరికే తీసుకపో. సున్నం మార్కు పెట్టి అందాజగ చేస్తనంటే బయటికొచ్చెయ్.

కాలర్: రామగుండం దాక ఒక్కసారి పోయొస్తా సార్, అర్జెంట్...

ఉస్తాద్: బస్సు ఎక్కు.

యాంకర్: కరీంనగర్ నుంచి...

కాలర్ (కరీంనగర్): బీఎండబ్ల్యూ 525 సార్, పెట్రోల్. నిలవడితే కాలిన ఆయిల్ వాసన ఏసీల కెళ్లి వస్తాంది.

ఉస్తాద్: వాల్వ్ కవర్ గాస్కెట్. ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడి కాలుతాంది. గాస్కెట్ తోటి బోల్టుల కింది రబ్బర్లు గూడ కొత్తవి. అడ్డగోలుగ బిగించొద్దు, కవర్ పగులుతది. స్పార్క్ ప్లగ్ గుంతలల్ల ఆయిల్ ఉంటే తుడిచి... 

యాంకర్: లైన్ కట్ అయింది. జనగామ నుంచి ఇంకొకరు.

కాలర్ (జనగామ): సార్, మా బండి బయటి దేశం నుంచి వచ్చింది, 20 ఏండ్లు దాటింది. ఆర్సీ రెన్యువల్‌కు ఎంత పడ్తది? ఢిల్లీల లెక్క ఇక్కడ గూడ బంద్ చేస్తరా?

ఉస్తాద్: ఢిల్లీ రూలు ఇక్కడ లేదు. ఫిట్‌నెస్ పాసైతే ఐదేండ్లకు రెన్యువల్ ఇస్తరు. ఫీజు మాత్రం 2025 ఆగస్టుల పెరిగింది. 20 ఏండ్లు దాటిన మామూలు కారుకు 10 వేలు, బయటి దేశం నుంచి తెచ్చినదానికి 80 వేలు. గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువు దాటితే నెలకు 500 ఫైన్ గూడ ఉంటది, ముందే పోండ్రి.

యాంకర్: ఆఖరి కాలర్, భూపాలపల్లి. తొందరగా అడగండి.

కాలర్ (భూపాలపల్లి): సార్, పాత బెంజ్ ఈ-క్లాస్, ఆరు సిలిండర్లదే. నెలకోసారి తీస్తా. పొద్దుగాల పెట్రోల్ వాసన వస్తాంది.

ఉస్తాద్: ఇప్పుడు బంకుల వస్తున్నది ఈ20. దాంట్లె 20 శాతం ఇథనాల్, పాత రబ్బర్‌ను గట్టిగ చేసి పగులగొడ్తది. ట్యాంకు నుంచి ఇంజన్ దాక పైపులన్నీ చేత్తోటి వంచి చూడు, చిన్న పగుళ్లు కనవడ్తయి. కొత్త పైపు మీద ఎస్‌ఏఈ జె30ఆర్9 అని అచ్చు ఉండాలె, మామూలు పైపు వద్దు. ఫ్యూయల్ ఫిల్టర్ గూడ మార్చు. ట్యాంకు సగం పెట్టి నెలల తరబడి నిలవెడితే గాలిల తడి గుంజుకుంటది, నిండుగ నింపిపెట్టు. పదిహేను రోజులకోసారి అర గంట తిప్పు.

కాలర్: స్టార్ట్ చేసి అక్కడ్నే ఉంచితే సరిపోతదా సార్?

ఉస్తాద్: సరిపోదు, గేర్‌లేసి రోడ్డు మీద తిప్పాలె. ఇంకోటి, వాసన పోయేదాక షెడ్డుల పెట్టకు, బయటనే నిలవెట్టు.

యాంకర్: టైం అయిపోయింది. ఉస్తాద్ గారికి ధన్యవాదాలు. లైన్ దొరకనివాళ్లు వచ్చే వారం ఇదే టైంకి చేయండి.