ఆ ఎర్ర సున్నా తీసేయండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది. ఒక్క నమస్కారంతో సరిపెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

వ్యాయామం అలవాటు లేని పెద్దవాళ్లను ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లు కదిలించగలవా అన్నది నాకిచ్చిన అంశం. కదిలించగలవు. కానీ ఇప్పుడున్నవి చాలావరకు ఎలాగూ కదిలేవాళ్ల కోసమే తయారైనట్టున్నాయి. నా గొడవంతా అదే.

ముందు అంకెలు చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం, 2022 నాటికి ప్రపంచంలో 31 శాతం మంది పెద్దలు, అంటే దాదాపు 180 కోట్ల మంది, చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. 2010లో ఇది 26 శాతమే. కావాల్సిందేమిటయ్యా అంటే వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం లాంటి మోస్తరు శ్రమ. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం. ఇన్ని కోట్ల మందికి శిక్షకులను ఎక్కడి నుంచి తెస్తాం? ఫోన్ అయితే చాలామంది చేతిలో ఉంది. కాబట్టి ఆలోచన మంచిదే.

ఇక మా అక్కయ్య సంగతి. అంశానికి సంబంధం ఉంది, కాస్త ఓపిక పట్టండి. ఆవిడ ఉద్యోగమంతా కుర్చీలోనే గడిచింది. రిటైరయ్యాక మోకాళ్లు పట్టేశాయి. కూతురు ఫోన్‌లో ఒక ప్రోగ్రామ్ పెట్టిచ్చింది. అది మొదటి రోజే 10,000 అడుగులు నడవమంది. అప్పటిదాకా ఎంత నడిచేవారని మాటవరసకైనా అడగలేదు. అక్కయ్య పట్టుదల మనిషి, పడుతూ లేస్తూ నడిచింది. నడిచిన ప్రతి రోజుకూ ఒక ఆకుపచ్చ చుక్క. ఆ చుక్కల వరస నాకు చూపించి మురిసిపోయేది. ఇంతలో జ్వరం తగిలింది. తగ్గాక ఫోన్ తెరిస్తే వరస మాయం! దాని స్థానంలో ఎర్రటి సున్నా, కింద ‘మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి’ అని. ఫోన్ బోర్లా పెట్టేసి, "ఇది నావల్ల కాదులేరా" అంది. ఆ సున్నా మీద నాకు ఇప్పటికీ మంటే.

అసలు ఆ పదివేలు ఎక్కడి నుంచి వచ్చాయి? 1965లో జపాన్‌లో ఒక కంపెనీ పదివేల అడుగుల మీటరు అన్న పేరుతో, అడుగులు లెక్కపెట్టే ఒక పరికరం అమ్మింది. అంకె అలా పాకిపోయింది, డాక్టర్లు తేల్చింది కాదు. 2019లో అమెరికాలో పెద్దవయసు స్త్రీల మీద వచ్చిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనబడలేదు. ఈ సంగతి తెలిసుంటే మా అక్కయ్య అంత బెంగపడేది కాదు.

ఒక పని చేయండి. ఫోన్‌లో వ్యాయామం ప్రోగ్రామ్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. బాగుంది. ఈ వారం దాన్ని తెరవనివాళ్లు దించేయండి... చూశారా, అందరం ఆ బాపతే! నవ్వకండి. ఆన్‌లైన్ ఆరోగ్య కార్యక్రమాల నుంచి జనం జారిపోవడం మామూలేననీ, ఆ జారుడును దాచకుండా లెక్కకట్టి అధ్యయనం చేయాలనీ ఆన్‌లైన్ ఆరోగ్య పరిశోధకుడు గుంథర్ ఐసెన్‌బాఖ్ 2005లోనే రాశారు. మనం మాత్రం డౌన్‌లోడ్‌లు లెక్కపెట్టుకుంటున్నాం.

లక్ష్యాలు వద్దనడం లేదు. అడుగుల మీటరు పెట్టుకున్నవాళ్లు రోజుకు సుమారు 2,500 అడుగులు ఎక్కువ నడిచారని 2007 నాటి సమీక్ష ఒకటి చెప్పింది, లక్ష్యం ఉండటమే అందులో కీలకమనీ చెప్పింది. అయితే ఆ లక్ష్యం ఎవరి నడక మీంచి లేవాలి? మొదటి వారం ఏమీ చెప్పకుండా ఊరికే గమనించండి. ఆ మనిషి రోజుకు 1,800 అడుగులు నడిస్తే, వచ్చే వారం 2,200 అడగండి. ఆగకుండా పది నిమిషాలు చేస్తేనే లెక్క అనే పాత షరతు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో తీసేశారు. రెండు నిమిషాలు మెట్లెక్కినా లెక్కే, అది కూడా రాసుకోండి.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, నిర్వాహకులు వాచీ చూపిస్తున్నారు. ఇలాంటివి తయారుచేసేవాళ్లు ఈ హాల్లోనే కొందరున్నారు కదా, మీకొక్క మాట. మనిషి వారం రోజులు కనబడకపోతే సున్నా చూపించకండి. ‘ఒంట్లో బాగుందా? ఈ రోజు ఐదు నిమిషాలు చాలు’ అని రాయండి. వీలైతే ఆ మెసేజ్ కింద జవాబిచ్చే మనిషి ఒకరుండాలి, మెషీన్ కాదు. అందుకు డబ్బు ఖర్చవుతుందంటారు, అవుతుంది. ప్రకటనల ఖర్చులోంచి తీయండి.

ప్రశ్నలుంటే అడగండి.