కాలనీ పక్కన వైన్ షాపు: నెల్లూరు స్టూడియో చర్చ, ఉన్నది ఉన్నట్టు

(కాలనీ పక్కన వైన్ షాపు తెరిచారు, ఆడవాళ్ళు షట్టర్ ముందు బైఠాయించారు. దాని మీద చర్చ. అందరికీ సమానంగా టైమిస్తామని యాంకర్ ముందే చెప్పారు, చదివితే మీకే తెలుస్తుంది.)

యాంకర్: సూటిగా అడుగుతున్నా. దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన జిల్లా ఇది. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వని ఆడవాళ్ళు మనవాళ్ళు. ఇంకో దూబగుంట వస్తోందా అక్కా?

సంఘం లీడర్: అది తర్వాత సార్. మా వీధిలో బేల్దారి పనికి పోయేవాళ్ళు సాయంత్రం కూలి జేబులో పెట్టుకుని ఇంటికి రావాలంటే ఆ షాపు ముందు నుంచే రావాలి, ఇంకో దారి లేదు. షాపు మూసేశాక సందులో కిటికీ దగ్గర బెల్ట్ షాపు. క్వార్టర్ మీద ఇరవై ఎక్కువ. డబ్బుల్లేకపోతే నోట్‌బుక్కులో రాసుకుంటాడు, ఒకటో తారీకు ముసలామె పింఛను తీసుకుని గడప దాటకముందే ఆ నోట్‌బుక్కు...

వ్యాపారి: బెల్ట్ షాపు నాది కాదమ్మా! నేను లైసెన్స్ ఉన్నోణ్ణి. దరఖాస్తుకే 2 లక్షలు, లాటరీ తగలకపోతే అవీ తిరిగి రావు. నేనేమన్నా దొంగనా?

లీడర్: మరి కిటికీలోకి సరుకు యాడ నుంచి వస్తుంది?

వ్యాపారి: నన్ను మాట్లాడనివ్వండి...

యాంకర్: దూబగుంట విషయం...

వ్యాపారి: గొప్పదే సార్, కాదన్లా. తర్వాత ఏమైంది? 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో ఎత్తేశారు. ఈ మధ్యలో ఎవరు మానేశారు? నాటుసారా కాచారు, తడ దాటి తమిళనాడు సరుకు తెచ్చుకున్నారు. అసలు వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు అమ్మించింది ఎవరు? నిషేధం ఫైలు మీద సంతకం పెట్టింది ఎవరు? రెండూ ఎన్టీఆరే కదా!

(ఇక్కడ చర్చ పార్టీల మీదికి పోయింది. చాలాసేపు. వదిలేస్తున్నా.)

లెక్చరర్: ఒక్క మాట. తాగబట్టే పేదరికం అంటే సగమే చెప్పినట్టు. బ్రిటన్‌లో చూస్తే పేదలు తాగేది ఉన్నవాళ్ళ కంటే ఎక్కువేం కాదు, కానీ తాగుడు వల్ల జబ్బులు, చావులు మాత్రం పేదల్లోనే ఎక్కువ. స్కాట్లాండ్‌లో దుకాణాలు కూడా పేద పేటల్లోనే ఒత్తుగా...

వ్యాపారి: స్కాట్లాండ్ దేనికి సార్, మన నెల్లూరు ట్రంకు రోడ్డు గురించి చెప్పండి!

లెక్చరర్: అదే చెప్తున్నా. ఉన్నవాళ్ళుండే మాగుంట లేఅవుట్‌లో అయితే మందు ఫ్రిజ్‌లో ఉంటుంది, ఎవరికీ కనపడదు, జబ్బొస్తే కార్పొరేట్ ఆస్పత్రి. కాలనీలో మనిషి పడిపోతే మర్నాటి కూలి పోతుంది, దాంతో వడ్డీకి అప్పు. స్కాట్లాండ్ 2018లో మద్యానికి కనీస ధర పెట్టింది. మనం 2024లో క్వార్టర్ 99 రూపాయలకే...

వ్యాపారి: అంతకుముందు రేట్లు మండిపోయాయి కదా, అప్పుడు మానేశారా? 99 పెట్టాక పేదోడికి మిగిలింది! నేను వాడికి మేలు చేస్తున్నా!

లీడర్: రేటు పెంచినప్పుడూ మా ఇంట్లోంచే పోయింది, తగ్గించినప్పుడూ మా ఇంట్లోంచే. మిగిలిన దాంతో ఇంకో క్వార్టర్ తాగుతున్నాడు, బియ్యం తేవడంలా.

యాంకర్: అంటే ఇంకో దూబగుంట తప్పదంటారు?

లీడర్: షాపు పక్కకి జరపమంటున్నాం సార్, ఉద్యమం అనలేదు.

వ్యాపారి: జరిపితే అద్దె ఎవరిస్తారు? ఆ రోడ్డులో నాది చట్టం ప్రకారం ఉంది. గుడికి దూరం, బడికి దూరం, కొలిచి చూసుకోండి. ఇంటికి దూరం ఉండాలని యాడా లేదు. వ్యాపారం జనం ఉన్న చోటే కదా చేస్తారు, శ్మశానంలో చెయ్యమంటారా?

(యాంకర్ నవ్వారు. లెక్చరర్ చెయ్యెత్తారు, ఎవరూ చూడలేదు.)

యాంకర్: ఆయన చెప్పేదాంట్లోనూ పాయింట్ ఉంది, నిషేధం పరిష్కారం కాదు...

లీడర్: నిషేధం ఎవరడిగారు సార్? షాపు సంగతేంది?

యాంకర్: చిన్న బ్రేక్ తర్వాత.

(బ్రేక్ తర్వాత రొయ్యల రేట్ల మీద వేరే కార్యక్రమం మొదలైంది.)