‘కాశీయాత్ర చరిత్ర’లో వాక్యం ఎలా నడుస్తుంది? | పుస్తకం రివ్యూ

అందరికీ నమస్తే అండీ. ఈ రోజు పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’, మద్రాసు నుంచి కాశీకి వెళ్లొచ్చిన తన ప్రయాణం గురించి ఆయన రాసింది. దీని మీద వచ్చినవన్నీ దాదాపు ఒకే వరసలో ఉంటాయి. ఎక్కడ బయల్దేరారు, ఏ ఊళ్లు చూశారు, అప్పట్లో ఆ ఊరు ఎలా ఉండేది, అంతే. ఆ సంగతులు నేను గబగబా చెప్పేసి, మిగతా టైమంతా ఆయన రాసిన తీరు మీదే పెడతాను. కథలైతే శైలి గురించి గంటలు మాట్లాడుకుంటాం. ఇలాంటి పుస్తకం చేతికొస్తే మాత్రం సమాచారం ఏరుకుని పక్కన పడేస్తాం.

సరే, ముందు సంగతులు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. వెంట వంద మంది దాకా జనం. రైలు ఇంకా రాలేదు కాబట్టి పల్లకీలు, బోయీలు, గుడారాలు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం ఆయనది. దారిలో రాసినవి ఉత్తరాలుగా కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై అనే మిత్రుడికి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య గారు పోయాక, 1838లో ఆ పిళ్ళై గారే అచ్చు వేయించారు.

ఈ ఉత్తరాల సంగతి గుర్తుపెట్టుకోండి, అసలు కీలకం అక్కడే ఉంది. మజిలీల దగ్గర ఆయన వాక్యాలు చూడండి. ఫలానా ఊరు చేరినాను. దారి ఇసుక, లేదా రాళ్లు. నీళ్లు బాగున్నాయి, లేదా బాగాలేవు. అంగళ్లు ఉన్నాయి, సామాన్లు దొరుకుతాయి. దిగడానికి చోటుంది. అంతే, పక్క ఊరికి వెళ్లిపోతారు. పొగడ్త లేదు, వర్ణన లేదు. మొదటిసారి చదివితే బోరు కొడుతుంది, నాకూ కొట్టింది. కానీ ఈ వాక్యం ఎవరి కోసం రాశారో ఒక్కసారి ఆలోచించండి. ఉత్తరం అందేది మిత్రుడికే అయినా, ఇది రేపు ఇదే దారిన, ఇలాగే మందీమార్బలంతో వెళ్లబోయేవాడి కోసం. వాడికి సూర్యోదయం ఎంత బాగుందో అనవసరం, బావిలో నీళ్లు ఉన్నాయో లేదో కావాలి. ఇప్పటి ట్రావెల్ వ్లాగుల్లో సగం ఈ పరీక్షకు నిలబడవు, అది వేరే గొడవ లెండి.

అదే కలం హైదరాబాదు చేరేసరికి మారిపోతుంది. జనం ఆయుధాలు పట్టుకు తిరగడం, బలం లేనివాళ్ల మీద పడి కొట్టడం, నరకడం, అడిగే నాథుడు లేకపోవడం, ఇవన్నీ రాస్తారు. ఇక్కడ వాక్యం మజిలీ లెక్కలా ఉండదు. సంగతి చెప్పడంతో ఆగరు, తీర్పు కూడా ఇచ్చేస్తారు. చూసింది నిజమే కావచ్చు, నేను కాదనడం లేదు. కానీ ఆ తీర్పు ఎక్కడ నిలబడి ఇస్తున్నారు? కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, పాలనలో, కుంఫిణీ ఊళ్లో, కోర్టు ఉద్యోగంలో ఉన్న మనిషి ఆయన. ఇంగ్లీషువాళ్ల పాలన అంటే మంచి గురి. కాబట్టి అప్పటి హైదరాబాదు ఇదీ అని ఈ పేజీలు తెచ్చి సాక్ష్యంగా చూపించేవాళ్లు, రాసిన మనిషి ఉద్యోగం కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

అలాగని కుంఫిణీకి భజన చేశారనుకోకండి. తిరుపతిలో ఏ సేవ చేయించినా సర్కారుకు కట్టాల్సిన డబ్బు గురించి, దాని మీద కుంఫిణీకి వచ్చే రాబడి గురించి కూడా రాశారు. స్థలపురాణం పక్కనే రూపాయల లెక్క. భక్తుడూ, కచ్చేరీ ఉద్యోగీ ఒకే పేజీలో కూర్చుంటారు. నాకు ఈ పుస్తకంలో బాగా నచ్చింది ఇదే.

ఇంకొకటి. క్రియలు చూడండి, చేరినాను, దిగినాను, చూచినాను. అన్నీ ‘నేను’. నడిచింది వంద మంది, చేరింది మాత్రం ఒక్కరు! పరిజనం, బోయీలు అప్పుడప్పుడు కనిపిస్తారు, కాదనను. కానీ చాలా చోట్ల పల్లకీ మోసిన భుజాలు ఆ ఒక్క క్రియలో కలిసిపోతాయి. ఇది కావాలని దాచింది కాదు, ఆ కాలపు పెద్దమనిషి అలవాటు. అలవాటు కాబట్టే మనం పట్టి చూడాలి.

భాష గురించి భయపడేవాళ్లకు ఒక మాట. చిన్నయసూరి వ్యాకరణం, నీతిచంద్రిక 1850లలో వచ్చాయి. ఇది అంతకు ముందుది. వచనం అంటే ఇలాగే ఉండాలి అన్న కట్టుబాటు ఇంకా బిగుసుకోలేదు. అందుకే షహరు, సర్కారు, మజిలీ లాంటి కచ్చేరీ మాటలు, సంస్కృతం, ఇంటి తెలుగు అన్నీ కలిసి నడుస్తాయి. స్పెల్లింగులకు పది పేజీల్లో అలవాటు పడతారు.

ఇబ్బంది అంతా వేదాంతం వచ్చినప్పుడే. సృష్టి, బ్రహ్మం, ఆచారాలు అంటూ మొదలుపెడితే వాక్యం పొడుగవుతుంది, పేజీలు గడిచినా ఊరు కదలదు. మజిలీల దగ్గర ఉన్న పొదుపు ఏమైపోయిందో అనిపిస్తుంది. ఆ భాగాలు నేను రెండోసారి చదవలేదు, చదవమని మీకూ చెప్పను.

కొనేవాళ్లు దిగవల్లి వేంకట శివరావు గారు పరిష్కరించిన ప్రతి చూడండి, 1941లో మొదట వచ్చింది. మొదటి పేజీ నుంచి కాకుండా హైదరాబాదు దగ్గర మొదలుపెట్టి, తర్వాత వెనక్కి వెళ్లి తిరుపతి, అహోబిలం, శ్రీశైలం చదవండి. మీ ఊరు ఆయన దారిలో ఉంటే, అక్కడ ఏం రాశారో కామెంట్లో పెట్టండి, నీళ్లు బాగున్నాయన్నారో లేదో చూద్దాం.