కొడుకు కన్నా తల్లి ఆరేళ్లు చిన్నది: మాయాబజార్‌లో మన గోదావరి వాళ్లు

[మొదటి షాట్: తాడేపల్లిగూడెంలో ఎస్వీఆర్ విగ్రహం. రోడ్డు మీద రద్దీ. మ్యూజిక్ వద్దు, హారన్ల మోతే ఉండనివ్వండి.]

నమస్కారం అండీ. ముందు ఒక చిన్న లెక్క చేద్దాం.

మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. అందులో ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు గారు, పుట్టింది 1918లో. ఆయన తల్లి హిడింబిగా వేసింది సూర్యకాంతం గారు, పుట్టింది 1924లో. సినిమా వచ్చేసరికి కొడుక్కి 38, తల్లికి 32! ఇంకా ఉంది, ఆగండి. శశిరేఖను చేసుకుంటానని ముస్తాబై వచ్చిన పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడు రేలంగి వెంకట్రామయ్య గారు. ఆయన 1910లో పుట్టారు. అంటే మన పెళ్లికొడుక్కి 46 ఏళ్లు.

[తెర మీద: మూడు పేర్లు, పక్కన మూడు వయసులు, చేత్తో రాసినట్టు.]

ఈ సినిమా ఎన్నిసార్లు చూసి ఉంటాం? పండక్కి టీవీలో వస్తే భోజనం పళ్లేలు పట్టుకుని మరీ కూర్చుంటాం. ఒక్కసారైనా అనుమానం వచ్చిందా? నాకైతే రాలేదు. మొన్న వీళ్ల పుట్టిన సంవత్సరాలు వరసగా కాగితం మీద రాసుకుంటుంటే గానీ తట్టలేదు. అనుమానం ఎందుకు రాలేదా అని వెతుక్కుంటూ పోతే, దారి మద్రాసు స్టూడియోలకు కాకుండా తిన్నగా కాకినాడకి వచ్చింది.

[కట్: కాలవ గట్టు, వరి చేలు. తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట.]

కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవల్లో నీళ్లొచ్చాయి, గాదెల్లో ధాన్యం పడింది. కుప్పనూర్పులు అయ్యాక చేతిలో నాలుగు డబ్బులు, బోలెడు తీరిక. సంక్రాంతి దాటితే ఊరూరా తీర్థాలే. తీర్థమంటే జీళ్లు, ఖర్జూరాలు, రంగులరాట్నం, రాత్రికి నాటకం. 1880లోనే కందుకూరి వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో తన విద్యార్థుల చేత నాటకం వేయించారు. ఇక్కడ నాటకం పిచ్చి అంత పాతది. నాకు తోచినంతవరకు, ఆనకట్ట లేకపోతే మన సినిమాల్లో సగం మంది నటులు లేరు. అతిశయోక్తి అంటారా? అనుకోండి, పర్లేదు.

ఇక ఆ నాటకం ఎలా ఉండేదో చూడండి. మైకు లేదు. పెట్రోమాక్స్ లైట్లు, వాటి చుట్టూ పురుగులు. హార్మోనియం మెట్ల మీద శ్రుతి. ముందు వరసలో కుర్చీలు, ఆ తర్వాత చాపలు, ఆఖరున బండ్ల మీద కూర్చున్న వాళ్లు. ఆ బండ్ల మీద వాళ్లకి నటుడి మొహం కనపడదు, ముడతలు అసలే కనపడవు. గొంతు వినపడాలి, నడక తెలియాలి, అంతే. ఆడవేషం మగవాడే కట్టేవాడు, యాభై ఏళ్ల కృష్ణుణ్ణి జనం కృష్ణుడనే నమ్మేవారు. పద్యం బాగుంటే ఒన్స్ మోర్ అని అరిచేవారు. పాడినవాడి వయసెంతని ఎవరూ అడిగేవారు కాదు.

[తెర మీద: పాత కాకినాడ వీధి. మెల్లగా జూమ్.]

కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంస్థ ఉండేది. పేరు వింటే పేకాట క్లబ్బులా ఉంటుంది గానీ, అక్కడ వేషం కట్టిన వాళ్ల జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి. రేలంగి, ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆమె భర్త సంగీత దర్శకుడు ఆదినారాయణరావు. ఒక్క ఊళ్లో ఒక్క క్లబ్బు!

రేలంగి గారితో మొదలెడదాం. చిన్నప్పుడే ఆడవేషంతో రంగం ఎక్కారు. 1935లో శ్రీకృష్ణ తులాభారం సినిమాలో అవకాశం వచ్చింది. ఇచ్చింది మళ్లీ కాకినాడ మనిషే, చిత్తజల్లు పుల్లయ్య గారు. సినిమాలోకి వెళ్లాడు కదా, ఇక దశ తిరిగిందనుకుంటాం. తిరగలేదు. ఏళ్లకేళ్లు చిన్నాచితకా వేషాలు వేసుకుంటూ, పుల్లయ్య గారి దగ్గర ప్రొడక్షన్ పనులు చూసుకుంటూ గడిపారు. 1949లో గుణసుందరి కథతో గానీ జనం ఆయన్ని గుర్తుపట్టలేదు. మధ్యలో 14 ఏళ్లు. ఆ సినిమాకి దర్శకుడు కె.వి. రెడ్డి గారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మాయాబజార్ తీసింది కూడా ఆయనే.

ఇప్పుడు మాయాబజార్ పెళ్లి సీన్ గుర్తు తెచ్చుకోండి. పీటల దగ్గర మాయా శశిరేఖ కాలు తొక్కుతుంది. లక్ష్మణకుమారుడు గిలగిల్లాడతాడు, మళ్లీ పదిమందిలో పరువు పోతుందని సర్దుకుంటాడు. ఆ ఉలికిపాటు, ఆ సిగ్గు, ఆ బింకం చూస్తే ఇరవై ఏళ్ల గారాల కొడుకే కనిపిస్తాడు. 46 ఏళ్ల మనిషి ఎక్కడా దొరకడు. చిన్నతనంలో ఆడపిల్లగా నడిచి జనాన్ని నమ్మించిన వాడికి ఇదొక లెక్కా?

[పాజ్. రేలంగి ఫోటో రెండు సెకన్లు.]

ఎస్వీఆర్ గారిది నూజివీడు. అప్పుడది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. కాబట్టి మావాడంటే మావాడని ఇటూ అటూ కొట్టుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. డిగ్రీ మాత్రం కాకినాడ పి.ఆర్. కాలేజీలో. తర్వాత ఫైర్ ఆఫీసర్ ఉద్యోగం. అది వదులుకుని వరూధిని సినిమాలో హీరోగా వేశారు. సినిమా పోయింది. వేషాలు రాలేదు. ఈయన మూట సర్దుకుని జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరిపోయారు. ఒక్కసారి ఊహించుకోండి, ఆ ఖంగుమనే గొంతు జంషెడ్‌పూర్‌లో ఖాతా పుస్తకాల మధ్య! అక్కడే ఉండిపోతే మనకి ఘటోత్కచుడు లేడు. అదృష్టం బాగుండి మళ్లీ పిలుపొచ్చింది. 1951లో పాతాళభైరవి, నేపాళ మాంత్రికుడు. దర్శకుడు ఎవరో చెప్పక్కర్లేదు కదా, కె.వి. రెడ్డి గారే. 1963 నాటి నర్తనశాలలో కీచకుడి వేషానికి జకార్తా ఆఫ్రో-ఏషియన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

అంజలీదేవి గారు మాయాబజార్‌లో లేరు గానీ వదిలేస్తే పాపం. పెద్దాపురం అమ్మాయి. 1947లో గొల్లభామతో పేరొచ్చింది, దర్శకుడు మళ్లీ పుల్లయ్య గారే. ఆయన 1934లో ఒకసారి లవకుశ తీశారు, రంగుల లవకుశ కూడా ఆయనే మొదలుపెడితే కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తి చేశారు. 1963లో వచ్చిన ఆ లవకుశలో సీత అంజలీదేవి. మన బామ్మల్లో చాలామందికి సీతమ్మ అంటే ఇప్పటికీ ఆ మొహమే.

[తెర మీద: పాలకొల్లు, క్షీరారామం గోపురం.]

ఇప్పుడు మాయాబజార్‌లో నాలుగో మనిషి. శర్మ, శాస్త్రి గుర్తున్నారా? పెళ్లి విందు దగ్గర గోంగూర ఊసెత్తేది వాళ్లే. అందులో శర్మ పాలకొల్లు వాసి అల్లు రామలింగయ్య గారు. ఈయన నాటకాల్లోకి వచ్చిన తీరు నాకు భలే ఇష్టం. భక్త ప్రహ్లాద నాటకంలో బృహస్పతి వేషం కావాలి. ఉత్తినే ఇవ్వరు, మూడు రూపాయలు ఎదురు కట్టాలి. కుర్రాడి దగ్గర డబ్బులెక్కడివి? ఇంట్లో బియ్యం ఎత్తుకెళ్లి అమ్మేసి కట్టాడని చెబుతారు. వరి పండే చోట నటుడు కావాలంటే పెట్టుబడి బియ్యమే మరి!

ఆ తర్వాత 1953లో గరికపాటి రాజారావు గారు తీసిన పుట్టిల్లుతో సినిమాల్లోకి వచ్చారు. జమున గారికి కూడా అదే మొదటి సినిమా. అల్లు గారు హోమియో మందులు కూడా ఇచ్చేవారు. 1990లో పద్మశ్రీ అందుకున్నారు. రేలంగి గారికి అదే పద్మశ్రీ 1970లో వచ్చింది.

ఇక సూర్యకాంతం గారు, మన సినిమాల్లో గయ్యాళి అత్త అంటే ఈవిడే. ఈవిడ గురించి చెప్పాలంటే మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. మా పెద్దమ్మ పేరు సూర్యకాంతం. పేరు పెట్టినప్పుడు ఈ సినిమా సూర్యకాంతం ఎవరికీ తెలియదు, మామూలు పేరే. పెళ్లయ్యి కోనసీమలో అత్తారింట్లో అడుగుపెట్టేసరికి 1962, గుండమ్మ కథ ఆడుతున్న రోజులు. అత్తగారు ఒకే మాట అన్నారట: “అమ్మాయ్, ఈ ఇంట్లో నిన్ను కాంతం అనే పిలుస్తాం, ఏవనుకోకు.” రేషన్ కార్డులో తప్ప మరెక్కడా ఆ ‘సూర్య’ మళ్లీ కనపడలేదు. అదొక్క మా ఇంటి కథే కాదు లెండి. ఆ తర్వాత ఆడపిల్లకి ఆ పేరు పెట్టడానికి తెలుగువాళ్లు జంకారు. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టిన ఒక మనిషి ఎడమచెయ్యి ఊపి ఊపి ఒక పేరునే జనంలో లేకుండా చేసేసింది!

అసలు మనిషి మాత్రం షూటింగ్‌కి ఇంటి నుంచి వండుకొచ్చి అందరికీ కొసరి కొసరి వడ్డించేవారని ఆవిడతో పనిచేసిన వాళ్లందరూ చెప్పిన మాటే. హిడింబి వేషంలో ఆ రెండో మనిషే కనిపిస్తుంది నాకు. సుభద్రనీ అభిమన్యుణ్ణీ ఇంటికి చేర్చుకునేటప్పుడు ఆ గొంతులో దెప్పు లేదు, సాగదీత లేదు. రాక్షసి వేషంలో ఉన్న సూర్యకాంతమే నెమ్మదైన సూర్యకాంతం. ముప్పై రెండేళ్ల మనిషి ఆ కొండలాంటి కొడుకుని తల్లిలా చూస్తుంటే, వాడు నిజంగానే చిన్నపిల్లాడైపోతాడు.

[తెర మీద పేర్లు ఒకటొకటిగా: ఎస్వీ రంగారావు 1974, రేలంగి 1975, సూర్యకాంతం 1994, అల్లు రామలింగయ్య 2004, అంజలీదేవి 2014.]

ఎస్వీఆర్ గారు పోయిన మరుసటి ఏడాదే రేలంగి గారూ వెళ్లిపోయారు. మద్రాసులో అంత వెలిగిన మనిషి ఆఖరికి తాడేపల్లిగూడెంలోనే కన్నుమూశారు. అక్కడ ఆయన కట్టించిన సినిమా హాలు పేరు రేలంగి చిత్రమందిర్.

రావు గోపాలరావు గారు, హరనాథ్ గారు, ఎమ్మెస్ నారాయణ గారు... ఇలా ఎంతమందో మిగిలారు. ఒక్క వీడియోలో కుదరదు, ఇంకోటి చేస్తాను.

[ఆఖరి షాట్: ఇంట్లో టీవీ. మాయాబజార్ నడుస్తోంది. పెద్దమ్మ వెనక నుంచి మాత్రమే కనిపించాలి.]

ఈ స్క్రిప్ట్ రాసుకుంటూ పోయిన ఆదివారం పెద్దమ్మతో కలిసి సినిమా మళ్లీ చూశాను. వయసుల లెక్క చెబితే పెద్దగా పట్టించుకోలేదు. హిడింబి సీన్ రాగానే మాత్రం చేతిలో చిక్కుళ్లు ఒలవడం ఆపి నా వైపు తిరిగింది.

“చూశావురా, ఇందులో మా సూర్యకాంతం మంచిదే.”