పచ్చకీ ఎరుపుకీ మధ్య మూడు సెకన్లు

శ్రోతలకు నమస్కారం.

బండి మీద వెళుతున్నారు. సిగ్నల్ పచ్చగానే ఉంది. తీరా దగ్గరికొచ్చేసరికి ఆరెంజ్ పడింది. బ్రేకు వెయ్యాలా, యాక్సిలరేటర్ తిప్పాలా? అద్దంలో చూస్తే వెనకే బస్సు. వెనక కూర్చున్న పాప మీ చొక్కా గట్టిగా పట్టుకుంది. తేల్చుకోవడానికి దొరికేది ఒక్క సెకను.

ఆ క్షణంలో తడబడ్డవాళ్లందరినీ దూకుడు మనుషులని తిట్టడం న్యాయం కాదంటాను. లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. లైటు మారిందని గ్రహించి బ్రేకు పట్టేలోపే ఆ 17 మీటర్లూ అయిపోయాయి. పొడి రోడ్డు మీద ఎవరూ ముందుకు తూలకుండా ఆగాలంటే ఇంకో 46 కావాలి. మొత్తం 63. ఆరెంజ్ మూడు సెకన్లే ఉంటే ఈలోగా పోగలిగేది 50 మీటర్లు. మరి గీతకు 55 మీటర్ల దూరంలో ఉన్నవాడి గతేమిటి? సాఫీగా ఆగలేడు, ఎరుపు పడేలోపు గీత దాటనూ లేడు. 1960లో గాజిస్, హెర్మన్, మారదుదిన్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో దీన్ని లెక్కగట్టి చూపించారు. ఇంజనీర్లు డైలమా జోన్ అంటారు. ఎటూ పాలుపోని చోటు అన్నమాట.

ఇప్పుడు అదే బండిని 40లో నడపండి. ఆగడానికి 32 మీటర్లు చాలు, మూడు సెకన్లలో పోగలిగేది 33. ఆ చోటే లేకుండా పోయింది! అందుకే టైమర్ మీద మూడు, రెండు అని అంకెలు తగ్గుతుంటే వేగం పెంచేవాళ్లను చూసి నాకు గుండె గుభేలుమంటుంది. వానలో అయితే మరీనూ.

వేగం మన చేతిలో ఉంది, సరే. ఆరెంజ్ ఎంతసేపు వెలగాలన్నది మాత్రం సిగ్నల్ పెట్టేవాళ్ల చేతిలోది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2013లో ఒకావిడకు ఎర్రలైటు దాటారంటూ కెమెరా చలానా వచ్చింది. ఆమె భర్త మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ కూర్చుని లెక్కలు వేశాడు. మలుపు తిరగబోయేవాడు ముందే నెమ్మదిస్తాడు కదా, నేరుగా పోయేవాడికి చాలిన ఆరెంజ్ అతనికి చాలదని తేల్చాడు. లైసెన్సు లేకుండా ఇంజనీరింగ్ చేశావంటూ, ఇంజనీర్లకు లైసెన్సులిచ్చే అక్కడి బోర్డు 500 డాలర్ల జరిమానా వేసింది. 2018లో ఫెడరల్ కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. 2020లో ట్రాఫిక్ ఇంజనీర్ల సంస్థ తన మార్గదర్శకాల్లో మలుపు తిరిగేవాళ్ల లెక్కను కూడా చేర్చింది.